పౌలు బాబాయి మంచు బూట్లు

ఏమ్మా లిడియా, అన్నయ్య కూడా పక్కనే ఉన్నాడా? ఫోను స్పీకర్లో పెట్టు. మనాలీలో ఉద్యోగాలొచ్చాయని మీ అమ్మా నేనూ తెనాలంతా స్వీట్లు పంచాం గానీ, సెలవొస్తే కాళ్ళకి చెక్కలు కట్టుకుని మంచుకొండల మీద జారుతూ తిరుగుతారని మాకెవరూ చెప్పలేదు. సరే, షాపులోనే ఉన్నారుగా, ఆ బూట్లు కొనేముందు మా పౌలు బాబాయి సంగతి వినండి. మీకు చిన్నతాతయ్య అవుతాడు. ఇన్నాళ్ళూ మీకీ కథ చెప్పలేదు. చెబితే భయపడతారని నా భయం. చెప్పకపోతే ఏమైంది, నిక్షేపంగా కొండెక్కారు.

రేపల్లెలో పుట్టి, బాపట్లలో లెక్చరర్ ఉద్యోగం చేసుకుంటూ, ఉన్నట్టుండి మంచు మీద జారాలని బుద్ధి పుట్టింది ఆయనకి. మంచంటే అప్పటిదాకా ఆయన చూసింది తెనాలి సోడా కొట్టు ముందు రంపంపొట్టు కప్పిన ఐసు గడ్డే. తోడు జీవన్ కుమార్ గారు, అదే కాలేజీ. ఇద్దరూ మీరున్న ఆ కొండల వైపే వెళ్ళి బూట్లు కొన్నారు. మావాడేమో ఒక సైజు పెద్దవి తీసుకున్నాడు! మా నాయనమ్మ అన్నమ్మ స్కూలు బూట్లు కొనే పద్ధతి మరి. "ఎదిగే కాళ్ళురా, కాస్త వదులుగా ఉండనీ" అనేది. ముప్పై దాటిన లెక్చరరు కాళ్ళు ఇంకెంత ఎదుగుతాయమ్మా? మీరు బైండింగ్ అంటున్నారే, అది బూటుని చెక్కకి వేళ్ళ దగ్గరే కదా పట్టి ఉంచేది, మడమ లేస్తూ పడుతూ ఉంటుంది. బూటు వదులైతే కాలొక దారి, బూటొక దారి. సాయంత్రానికి మడమల మీద బూరెలంత బొబ్బలు. ఏంటి అజయ్, మందపాటి మేజోళ్ళేసుకుంటావా? ఆయనా అదే తెలివి చూపించాడు నాన్నా. మేజోడు మీద మేజోడు కుక్కితే రక్తం ఆడక వేళ్ళు మొద్దుబారాయి. అందుకని తొడుక్కుని ఆ షాపులోనే నడవండి. మడమ లేవకూడదు, వేళ్ళు కదలాలి. మీరు కొనే బూటునే మీరు కొనే బైండింగ్‌లో పెట్టి బిగించి చూపించమనండి. "అన్నీ ఒకటే సార్" అంటే నవ్వి ఊరుకోండి.

అసలు ఘనకార్యం ఇంకా ఉంది. ఆ సాయంత్రం కొండ మీద ఓ రేకుల గుడిసెలో దిగారు. జీవన్ కుమార్ గారు బూట్లు లోపలికి తెచ్చి పక్కలో పెట్టుకోబోతే, మావాడు చర్చిలో పెద్దలా లేచాడు. "ఏంటయ్యా, గుమ్మం లోపలికి బూట్లా? మీ ఇంట్లో ఇదేనా నేర్పింది?" హిమాలయాల్లో వీళ్ళ గచ్చు ఎవరు తుడవాలో మరి! ఆయన మర్యాదస్తుడు, "తప్పేనండి మాస్టారూ" అని బయట పెట్టొచ్చాడు. రెండు జతలూ గుమ్మం బయట, పెళ్ళివారి చెప్పుల్లా. తెల్లారి చూస్తే బండరాళ్ళు. లోపలి చెమటంతా గడ్డకట్టింది. కాలు దూరదు, బూటు ముందున్న గాడిలో ఐసు నిండి బైండింగ్ పట్టదు. పైనేమో మబ్బు కమ్ముకొస్తోంది, గుడిసెలో తిండి లేదు, కట్టెపుల్ల లేదు.

అప్పుడు మన పెద్దమనిషి ఏం చేశాడంటే... జీవన్ కుమార్ గారి బూట్లు తీసుకుని, చొక్కా లోపల వట్టి పొట్టకి అదుముకుని కూర్చున్నాడట. "ముందు నీవేనయ్యా, బయట పెట్టమంది నేను కదా" అన్నాడట. అవి మెత్తబడేసరికి మబ్బు నెత్తి మీదికొచ్చింది. తనవి కరిగించే వ్యవధి లేదు. గాడిలో ఐసు కత్తితో గీకేసి, ఆ రాళ్ళలోనే కాళ్ళు తోసి కొండ దిగాడు.

చలికి చచ్చుబడి నల్లబడిన కుడికాలి వేళ్ళు అక్కడి ఆసుపత్రిలోనే తీసేశారు. అయినా బుద్ధొచ్చిందా? రేపల్లెలో కర్ర పట్టుకుని నడుస్తూ కూడా, నేను చెప్పులతో గడప దాటితే కేకలేసేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. జీవన్ కుమార్ గారు మాత్రం ఇప్పటికీ బాపట్లలో పొద్దున్నే నడకకెళ్తారు, పది వేళ్ళతో. నేను ఎదురైతే బాగున్నావా అంటారు, అని నేల చూస్తారు.

మీతో గుడిసెలో దిగే వాళ్ళకి చెప్పండమ్మా, బూట్లు లోపలికి తెచ్చుకుని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోమని. ఛీ అంటే మా చిన్నతాతయ్య ఒకాయన ఉండేవాడని చెప్పండి. పేరుతో సహా చెప్పండి. పౌలు అని... లిడియా, వింటున్నావా?