అలవాటు పడే మందు

ఆస్పత్రి కింది అంతస్తులోని మందుల షాపు కిటికీ దగ్గరికి ఆమె రావడం అది మూడోసారి. లోపలున్న ఫార్మసిస్టు చీటీ చూసి మళ్ళీ తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడేమైంది బాబూ? సంతకం లేదన్నారు, పెట్టించాను. తేదీ లేదన్నారు, వేయించాను."

"ఎన్ని మాత్రలో అంకెల్లోనే ఉందమ్మా. అక్షరాల్లో కూడా రాయాలి."

"పది అంటే పదే కదా!"

"పక్కన ఇంకో సున్నా పెడితే వంద. ఇది మార్ఫిన్. అలవాటు పడే ప్రమాదాన్ని బట్టి మందుల్ని తరగతులు చేశారు. డాక్టర్లు రాయగలిగిన వాటిలో ఇదే అన్నిటికన్నా కట్టుదిట్టమైన తరగతి."

"మా ఆయన తాగే సిగరెట్టు ఏ తరగతి?"

"అది ఏ తరగతిలోనూ లేదు."

"బావుంది! ముప్ఫై ఏళ్ళుగా మానలేకపోతున్నారు. ఒక్కడైనా చీటీ అడిగాడా?"

"రూల్సు నేను రాయలేదమ్మా. రేపు మీ అత్తగారు దీనికి అలవాటు పడితే నన్నే నిలదీస్తారు."

"డాక్టరుగారు ఆవిడకి ఇంకో వారమే అన్నారు బాబూ. నొప్పికి ఆవిడ దిండు కొరుక్కుంటోంది. అలవాటు పడేంత కాలం ఉంటే నాకంతకన్నా ఏం కావాలి?"

అతను కిటికీలోంచి చెయ్యి చాపాడు.

"చీటీ ఇటివ్వండి. మీరు ఆవిడ దగ్గరికెళ్ళండి. నేనే రాయించుకుని మందు పైకి తెస్తాను."

"మరి షాపు?"

"మూస్తాను. తిట్టేవాళ్ళు తిట్టుకోనీ."