శనివారం షరతులు

డ్రైవింగ్ నేర్పే నాన్న వాకిట్లో కారు కడుగుతున్నాడు. పదహారేళ్ల కూతురు ఆయన షరతులు రాసిచ్చిన కాగితం పట్టుకుని వెంటే తిరుగుతోంది. స్నేహితురాలి పార్టీకి వెళ్లాలంటే అందులో సంతకం పెట్టాలి.

"మొదటిది మళ్లీ చదువు."

"'పార్టీలో మందు ముట్టను.' సరే, ఒప్పుకున్నా."

"బీరూ మందే. వైనూ మందే. తర్వాత చెప్పలేదనొద్దు."

"మరి నువ్వు తాగేది?"

"అది... వారమంతా బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేవాళ్ల పక్కన కూర్చో, తెలుస్తుంది! శనివారం సాయంత్రం రెండు గ్లాసులు. దర్జాగా, ఇంట్లో, అందరి ముందూ."

"పోయిన వారం మూడు."

"మూడోది సగమే. ఆ బకెట్ ఇటియ్యి."

"నేనూ వారమంతా లెక్కల మాస్టారి ఎదురుగా కూర్చుంటున్నాను నాన్నా."

"నోరు! నీకు పదహారు, నాకు నలభై ఆరు."

"అంటే తప్పు మందుది కాదు, వయసుదా?"

"వకీలువా నువ్వు? రెండోది చదువు."

"'తాగినవాళ్ల బండి ఎక్కను.'"

"అది దాటావో, ఊరుకోను. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నా. చుక్క గొంతు దిగాక నేనెప్పుడైనా స్టీరింగ్ ముట్టుకున్నానా? చెప్పు, ముట్టుకున్నానా?"

"లేదు. ఒక్కసారి కూడా లేదు."

"అదీ! మూడోది."

"'ఎప్పుడు ఇబ్బందొచ్చినా నాన్నకి ఫోన్ చేస్తా. తిట్టకుండా వచ్చి తీసుకెళ్తాడు.'"

"ఏ తండ్రి రాస్తాడే అలాంటి మాట? పెట్టు సంతకం."

"పార్టీ ఏ రోజు నాన్నా?"

"శనివారం."

"ఎలా వస్తావు మరి?"

"ఎలా ఏంటి, కార్లో... ఆగు. నడిచొస్తా."

"పన్నెండు కిలోమీటర్లా?"

"సరే తల్లీ, ఆ ఒక్క శనివారం మానేస్తా. ఒక్కటే! చాలా?"

"'ఎప్పుడు ఇబ్బందొచ్చినా' అని నువ్వే రాశావుగా."

"రాశాలే! అంతమాత్రాన ప్రతి శనివారం నోరు కట్టుకోవాలా? నువ్వెప్పుడైనా పిలిచావా, నేను రానన్నానా?"

"పిలిచాను. పోయిన శనివారం. ట్యూషన్ నుంచి వస్తుంటే బస్సు ఆగిపోయింది. నువ్వు 'హలో' అన్నావు. ముద్దముద్దగా ఉన్న ఆ గొంతు వినగానే 'ఏం లేదు నాన్నా' అని పెట్టేశా."

"...మరి ఇంటికెలా వచ్చావు?"

"తాతయ్యకి ఫోన్ చేస్తే వచ్చాడు. పాత స్కూటరేసుకుని, కాళ్లకి చెప్పులైనా లేకుండా. నీకు చెప్పొద్దన్నాడు."

"నాకెందుకు చెప్పొద్దన్నాడట?"

"నువ్వు సిగ్గుపడతావని."