పలక మీద పద్నాలుగు

ఆ చామంతుల కుండీ అక్కడ పెట్టకండి ఒరెస్తే గారూ, రాతి మీద ఫొటోలో ఆయన మొహం కనపడదు. కొంచెం పక్కకి. ఇంకొంచెం. హాఁ. ఏటేటా చెప్పాలా? ఇరవై ఏళ్లు రేసు కార్లు తోలిన మనిషి, కుండీ తిన్నగా పెట్టడం రాదు.

కూర్చోండి, ఆ గట్టు మీదే కూర్చోండి. చలి నాకు అలవాటే. సమాధుల పండగ కదా, మోడెనా ఊరు ఊరంతా ఇక్కడే ఉంది. నాతో మాట్లాడేది మాత్రం మీరొక్కరే. అదీ ఏడాదికోసారి.

ఏమిటీ? మళ్లీ అదేనా? యాభై ఆరులో మా ఆయన కావాలనే మీకు దారిచ్చాడా అనా? మీ మీద జాలిపడి? తుల్లియోనా? బాగుంది. ఆ ఏడాది మీ పేరెత్తితే భోజనం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఏడు పందేల్లో మీకు మూడు, ఆయనకి మూడు. ఏడోది మోన్జాలో. ఎవరు ముందొస్తే వాళ్లే ఛాంపియన్. మా అత్తగారు మరియ తల్లి ముందు కొవ్వొత్తి వెలిగించి ఏం మొక్కుకుందో తెలుసా? కొడుకు గెలవాలని కాదు, మీ ఇంజను పగిలిపోవాలని. నవ్వకండి, నిజం.

అప్పట్లో చెవిలో మాటలు చెప్పే యంత్రాలెక్కడివి? పెళ్లాలమే ట్రాక్ పక్కన పిట్ గోడ మీద కూర్చుని, వాచీ పట్టుకుని, వెనకవాడు ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నాడో పలక మీద సుద్దతో రాసి చూపించేవాళ్లం. బండిలో ఉన్నవాడికి ఆ పలకే దిక్కు. మేం ఏది రాస్తే అదే నిజం.

ఆ ఎండాకాలం పోయిన కుర్రాడు గుర్తున్నాడా, రెనాతో? వాడి భార్య నా పక్కనే ఉంది. బండి రాలేదు. జనం అటు పరిగెడుతున్నారు. ఆ పిల్ల వాచీ మాత్రం ఆపలేదండీ. ఆపితే అయిపోయినట్టేగా? బొటనవేలు మీట మీద పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. ఆ వేళ్లు నేనే విడదీశాను.

మోన్జాలో ఇంకా మూడు రౌండ్లున్నాయి. మీరు నాలుగు సెకన్లు వెనక. తుల్లియో మలుపు మలుపుకీ చక్రాలు గడ్డిలోకి దింపేస్తున్నాడు, దుమ్ము లేస్తోంది. నాకు ఆ పిల్ల బొటనవేలే కనిపిస్తోంది. ఏం చెయ్యను చెప్పండి? పలక తీసుకుని పద్నాలుగు అని రాశాను.

అవును. నేనే రాశాను.

చూశాడు. చెయ్యెత్తాడు. బండి నెమ్మది చేశాడు. మళ్లీ పలక ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. ఆఖరి మలుపులో మీరు దాటేశారు.

కాబట్టి మీకు ఎవరూ దానం చెయ్యలేదు. మీరు వేగంగానే వచ్చారు, ఆ కప్పు మీ ఇంట్లోనే ఉంచుకోండి. మధ్యలో చెయ్యి పెట్టింది నేను. లేస్తారేం? కూర్చోండి. అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు.

పందెం అయ్యాక నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు, ‘ఈనెస్, పద్నాలుగు అని రాశావు కదూ?’ అని. అరిచుంటే చెప్పేసేదాన్నేమో. అరవలేదు. పలక అప్పటికే తుడిచేశాను. ‘లేదే, నాలుగే రాశాను’ అన్నాను.

అంతే. నాలుగుని పద్నాలుగని చూసే కళ్లతో బండెలా తోలతానన్నాడు. మర్నాడే మానేశాడు.

నేను కోరుకున్నదీ అదేగా? ముప్ఫై ఒక్క ఏళ్లు మొగుడు బతికే ఉన్నాడు. టైర్ల కొట్టు పెట్టాడు. ఆదివారాలు తను కిటికీ దగ్గర, నేను వంటింట్లో. ఉప్పు అందుకో, తలుపెయ్యి, ఇవే మాటలు. ఇంట్లో ఇద్దరం ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. ఇప్పుడు నిజంగానే ఒక్కదాన్ని, పెద్ద తేడా ఏం తెలియడం లేదు.

ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నానో. చెప్పే ధైర్యం లేక బొలోన్యాలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, ఆ డాక్టరు నోటితోనైనా చెప్పిద్దామని. డాక్టరు గంటసేపు చూశాడు. కళ్లకేమీ లేదు, తన కళ్లకంటే బాగున్నాయన్నాడు.

తుల్లియో కోటు వేసుకుని లేచాడు. ‘మీరు పొరపడ్డారు డాక్టరు గారూ, మా ఆవిడ రాసింది నాలుగే’ అన్నాడు.

పోయేదాకా నన్నే నమ్మాడండీ.