తలుపు కాడ సేటు

"తాతా, కథ చెప్పి దీని సారమేందని అడిగితె మా బడి పిల్లలు నోరు తెరుస్తలేరు. నువ్వు రాత్రి బడిల ఎట్ల చెప్పించేటోనివి?"

తెరుస్తలేరా? సంతోషపడు బిడ్డా. తెరిచినోళ్ళతోనే నాకు కడుపు మండింది. కూసో. ఆ కుర్చీ మీద గాదు, దాని కాలు ఊగుతాంది, మంచం మీద కూసో.

అప్పుడు నేను వరంగల్ మార్కెట్ల హమాలీని. పగలు మిర్చి బస్తాలు మోసుడు, పొద్దుగూకినంక తోటి హమాలీలకు అక్షరాలు చెప్పుడు. నేనేమన్న పెద్ద సదువు సదివిననా? ఐదో తరగతి. కాదు, ఆరుల గూడ కొన్నొద్దులు కూసున్న, మా నాయిన మాన్పిచ్చిండు. సరే, అది వేరే ముచ్చట. జాగ లేదంటె మా సేటు తన గోదాంల ఓ మూలకు కూసోమన్నడు. కందిలి ఇచ్చిండు, గ్యాసునూనె పోయించిండు. ఆ రోజులల్ల గ్యాసునూనెకు రేషన్ దుకాణం ముందట ఎంత సేపు నిలబడాల్నో నీకేమెరుక. ఇచ్చిండు, నేను కాదంటలేను. మిర్చి ఘాటుకు అక్షరానికో తుమ్ము. ముక్కులు తుడుసుకుంటనే నేర్చుకున్నరు.

అక్షరాలు వచ్చినంక కథలు మొదలువెట్టిన. సారం చెప్పుమంటె కథనే మళ్ళ మొదటికెల్లి చెప్పేటోళ్ళు. గప్పుడు నాకొక ఉపాయం తట్టింది. "ఈ కథ చెప్తె ఎవలికి కోపమొస్తది?" అని అడుగుడు. ఎవలికి తాకుతదో ఆడనే కథ పాణముంటది. మీ ట్రైనింగుల చెప్పిన్రా ఇది? చెప్పరు.

ఒకనాడు కథ నేనే కట్టిన. ఓ పటేలు బాయి తవ్విచ్చిండు. ఎవలన్న తాగొచ్చు. తాగినంక "నీళ్ళు తియ్యగున్నయి పటేలా" అనాలె, అంతే. ఓ ఎండకాలం నీళ్ళు ఉప్పగైనయి. అయినా అందరు తాగి తియ్యగున్నయనే అన్నరు. ఓ ముసల్ది మాత్రం ఉప్పగున్నయన్నది. తెల్లారి ఆమెకు బొక్కెన ఇయ్యలే. గంతే కథ.

సారమేందంటె ఒకడు నీళ్ళ కరువు అన్నడు, ఒకడు దానం అన్నడు. మా బామ్మర్ది ఐలయ్య, మీ నానమ్మ తమ్ముడు, వాడు మాత్రం పలక మీదికెల్లి తల ఎత్తకుంటనే, "పటేలుకు కోపమొస్తది బావా. నీళ్ళు పోసి నోర్లు కొనుక్కున్నడని చెప్తాంది ఈ కథ" అన్నడు.

నా కష్టం పండింది అనుకున్న. ఎనుకకు మర్లి చూస్తె తలుపు కాడ సేటు. ఎప్పుడొచ్చి నిలబడ్డడో. నవ్విండు. మంచిగ చెప్తానవ్ మాస్టర్ అన్నడు. అంతకుముందు ఎన్నడు మాస్టర్ అనలే నన్ను. తెల్లారి చూస్తె బడి మూలకు పోనియ్యకుంట గోదాంకు తాళం.

మావోళ్ళు పోయి బతిమాలిన్రు. నేను పోలే. ఆఖరికి ఓ రాత్రి సేటే గోదాం తెరిచి అందరిని పిలిపిచ్చిండు, నన్ను గూడ. అదే కథ మళ్ళ చెప్పుమన్నడు. చెప్పిన, ఒక్క ముక్క మార్చలే. మార్చి చెప్పుమని మా దోస్తు ఒకడు కాలు తొక్కిండు కూడా. సారం నేను అడుగకముందే సేటు తలుపు కాడికెల్లి ఐలయ్యనే అడిగిండు. వాడు నా దిక్కు చూసిండు, తలుపు దిక్కు చూసిండు.

"దూపకు నీళ్ళిచ్చినోడు దేవునసొంటోడు" అన్నడు.

మిగిలినోళ్ళంత తలకాయలూపిన్రు. సేటు తాళంచెవి చేతికిచ్చిండు. బడి మళ్ళ నడిచింది, వేరే సారు వచ్చిండు, నేను ఆ గడప తొక్కలే. మీ నానమ్మ ఎంత మొత్తుకున్నదో. తొక్కలే.

ఆనాడు ఇంటికొచ్చేటప్పుడు తొవ్వల ఐలయ్యను అడిగిన, ఏందిరా, కథ సమజ్ కాలేదా అని. వాడు తల వంచుకొని నడుసుకుంటనే అన్నడు, "సమజైంది బావా. గందుకే అట్ల చెప్పిన. నాకు ఇంకా ఒత్తులు రాలే."

నేర్చుకున్నడు. ఒత్తులన్ని నేర్చుకున్నడు. దుకాణాల బోర్డులు సదువుకుంట పొయ్యేటోడు, నేను ఎదురుపడితె సదువుడు బంద్ చేసేటోడు. పెండ్లిళ్ళల్ల కలిస్తె నేను మొఖం తిప్పుకున్న. ఇప్పటికి తిప్పుకుంటనే ఉన్న, వాడు పోయినా గూడ. నువ్వేమన్న అనుకో.

నువ్వు సల్లగుండు బిడ్డా. రేపు బడికి పోయి ఎవలికి కోపమొస్తదని అడుగు, తప్పక అడుగు. అడిగేముందు మాత్రం పోయి తలుపుకు అడ్డం నిలబడు, పిల్లలకు అవుతల ఎవలున్నరో కనపడకుంట. ఆనాడు నేను మూలకు కందిలి పక్కన నిలబడ్డ… తలుపు మొత్తం వాళ్ళకు కనపడ్డది…