ఎలుకలకి కప్పిన చీర ముక్క

పెద్దలు ప్రిన్సిపాల్ జ్ఞానప్రకాశం గారికి, లెక్చరర్లకి, ఇరవై ఆరేళ్ళుగా నన్ను సొంత మనిషిలా చూసిన మన రాజమండ్రి ఫార్మసీ కాలేజీ పిల్లలకి, ముందు వరసలో కూర్చున్న మా ఆయన దొరబాబు గారికి కూడా నమస్కారాలండి. రిటైరైపోతున్నా నా పేరు మాత్రం బేబీయే! (నవ్వులు)

ఎలుకల గది ఊడ్చి, మేత పెట్టి, బోనులు కడిగే మనిషికి మైకు ఇస్తారనుకోలేదండి. ఇచ్చారు కాబట్టి మన కాలేజీలోనే చదువుతున్న మా ఆశాజ్యోతమ్మ పరిశోధన గురించే చెప్తాను. ఆ పేపరు నిన్ననే అచ్చయింది, నాకు కాలు నిలవట్లేదు!

గంజాయి సారం ఎక్కిస్తే ఎలుక ఒళ్ళు చల్లబడిపోద్దండి. ముందుగా డిప్రెషన్‌ మందు ఇస్తే ఆ చల్లబడ్డం తగ్గుతుందా అని ఈ అమ్మాయి చూసింది. కాలేజీకి గంజాయి వస్తోందంటే మా ఆయన పర్మిషన్ కాయితం చూపిస్తేగానీ నన్ను డ్యూటీకి పంపలేదు. (నవ్వులు)

గంజాయి ఒక్కటే ఇచ్చిన ఎలుకలకి ఒంటి వేడి రెండున్నర డిగ్రీలు పడింది. రెండూ ఇచ్చినవాటికి అర డిగ్రీయే! అమ్మాయి ఎగిరి గంతేసి నన్ను వాటేసుకుంది. నాకేమో గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే, మండపేట రైస్‌మిల్లులో ధాన్యం ఉడకబెట్టే చోట పనిచేసొచ్చిన నాకే ఆ ఏసీ చలికి వణుకొస్తుంటే, పాపం రెండేసి సూదులు పడ్డ ఆ ఎలుకలకి ఎలా ఉందో అని, వాటి బోనుల మీద నా పాత నూలు చీర చింపి కప్పి, కొలిచే టైముకి తీసేసేదాన్నండి.

రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆశాజ్యోతమ్మ ఏడ్చింది. నెలరోజుల పని మరి. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ చేద్దాం బేబమ్మ గారూ, మీరూ పక్కనే ఉండండి" అంది.

ఈసారి చీర లేదు. థర్మామీటరు పెట్టినప్పుడల్లా ప్రభువా, ప్రభువా అనుకున్నాను. గంజాయి ఒక్కటే ఇచ్చినవాటికి మళ్ళీ రెండున్నరే పడింది. రెండూ ఇచ్చినవాటికి డిగ్రీన్నర! ఒక డిగ్రీ తేడా అచ్చంగా మందుదేనండి! మొదటిసారి ఎక్కువొచ్చిన ఇంకో డిగ్రీ నా చీరది. (చప్పట్లు)

పేపరు చివర ఇంగ్లీషులో నా పేరుంది. ఆ లైను మీద వేలు పెట్టి పొద్దున్నే మా ఆయనకి చూపించాను.

రేపట్నుంచి ఆ గదికి వచ్చేవాళ్ళకి ఒక్క మాట. ఎలుకలు వణికితే మీకూ జాలేస్తుంది, వెయ్యాలి కూడా. కొలత రాసుకున్నాక కప్పండి. కప్పామని కూడా రాయండి. ఆ చీర ముక్క ఉతికి, బీరువా కింది అరలో పెట్టే వెళ్తున్నాను. మీ అందరికీ కృతజ్ఞతలండి, నాకిక సెలవు.