సిరా ఎక్కడ నింపాలి

పెన్నులు చేసే గది, పొద్దున. భర్త గొట్టాలు తొలిచే లేత్ మిషను దగ్గర, భార్య కిటికీ దగ్గర. పక్కగదిలో పాప నిద్రపోతోంది.

"కన్వర్టర్ వద్దన్నానా? వద్దంటే వద్దు."

"ఎందుకు వద్దో చెప్పండి."

"లోపలంతా కనపడే పెన్ను చేసి, దాని కడుపులో బజార్లో కొన్న ఆ సిరా గొట్టం పెడతామా? గాజు బీరువా చేయించి అందులో చింకిచాప దాచినట్టుంటుంది."

"మన పెన్నులు కొనే కొట్టాయన అడిగిందే అది."

"వాడికేం తెలుసు? పెన్ను నిండా నేరుగా సిరా పోయాలి. ఎత్తి పట్టుకుంటే అటూ ఇటూ పొర్లుతూ కనపడాలి. జనం కొనేది అందుకే."

"సిరా సగం అయ్యాక చేతివేడికి బొట్లు బొట్లుగా కక్కుతుంది. మొన్నొకాయన చొక్కా పట్టుకొచ్చి మరీ తిట్టి వెళ్ళాడుగా."

"తలకిందులుగా జేబులో పెట్టుకుంటే ఏ పెన్నయినా కక్కుతుంది."

"సరే, పిస్టన్ పెట్టండి. వెనక తిప్పితే అదే సిరా పీల్చుకుంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. పోయినేడు చేశారుగా, ఎంత ముద్దుగా వచ్చాయి!"

"పిస్టన్ చేయను."

"ఏం?"

"చేయనంటే చేయను. చిన్న చిన్న మరలు, ఎవడు కూర్చుంటాడు... ఆ రింగెక్కడ పెట్టావు?"

"మీ చెయ్యి పక్కనే."

"ఎక్కడే?"

"ఇదిగో! మాట తప్పించడానికి రింగొకటి దొరికింది. నాకు తెలుసులెండి ఎందుకు వద్దంటున్నారో."

"ఏం తెలుసు?"

"చెప్పనా?"

"చెప్పు, చెప్పు."

"నేరుగా పోసేదయితే గొట్టం లోపలంతా చేత్తో మెరుగు పెట్టాలి. పుల్లకు గుడ్డ చుట్టి, పేస్టు రాసి, గీతన్నది లేకుండా. ఆ పని నేను తప్ప ఎవరూ చేయరు. కన్వర్టరయితే అంత మెరుగక్కర్లేదు, మీరొక్కరే చేసుకుంటారు. అప్పుడు నన్ను పంపక తప్పదు."

"పిచ్చిమాటలు."

"అక్క ఇంకాసేపట్లో ఆటో తీసుకుని వస్తుంది. పిల్లల్ని చూసుకునే చోట నాకు ఆయా పని. పాపనీ అక్కడే ఉంచుకోవచ్చు, వెనక గది ఇస్తామన్నారు. మీరే సరేనన్నారు."

"ఇప్పుడు కాదన్నానా?"

"నోటితో అనలేదు. పెన్నుతో అంటున్నారు."

"అబ్బబ్బ! ఏం మాటలే అవి!"

"డాక్టరమ్మ ఏమంది? ఈ పెన్నుల పొడిలోనే ఉంచేటట్టయితే పిల్లని ఇంక నా దగ్గరికి తేవద్దంది. దాని ఛాతీలో పిల్లికూతలు వింటూ రాత్రంతా మెలకువే. ఒక్కో కూతకీ తర్వాతి ఊపిరి వస్తుందా రాదా అని..."

"తలుపేసే చేస్తున్నాగా."

"తలుపు కింద సందు లేదా? ఒళ్ళో వేసుకుంటే జుట్టులో మెరుస్తోందండీ ఆ పొడి!"

"నువ్వెళ్ళిపోతే ఈ పెన్నులు..."

"అందుకే కదా కన్వర్టర్ అని మొత్తుకుంటున్నది!"

"దాని మూతికి సరిగ్గా సరిపడా తొలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కారుతుంది."

"ఇన్నాళ్ళూ తొలిచిన మనిషి ఇవాళ కొత్తగా నేర్చుకోవాలా?"

"విసిగించకు. ఒకటి మెరుగు పెట్టి ఉంచావుగా, అందులో నీలం సిరా పోసివ్వు. కొట్టాయనకు నేనే చూపిస్తాను. చూస్తే నోరు మూసుకుని ఒప్పుకుంటాడు."

"ఆయన ఒప్పుకుంటే నేనిక్కడే పడుండాలి. పాపా ఇక్కడే పడుండాలి."

"పోస్తావా, పోయవా?"

"పోస్తాను. పోయక ఎక్కడికి పోతాను... అయ్యో, లేచింది. మళ్ళీ దగ్గు. ఇది పట్టుకోండి, వస్తున్నా."

"ఏయ్..."

"వస్తున్నానమ్మా, వస్తున్నా బంగారం. రా, భుజం మీదికి రా. ఏం లేదు, ఏం లేదు..."

"అబ్బ! ఇది కదా పెన్నంటే! అక్కణ్ణుంచే విను. ఆ నీలం మెడదాకా ఎలా నిండిందో! వెలుగుకు పెడితే ఒక్క గీత లేదు, ఒక్క బుడగ లేదు. దీన్ని వదిలేసి కన్వర్టర్ అంటావా? వింటున్నావా?"

"గుమ్మంలోనే ఉన్నాను. వింటున్నాను."

"మరి మాట్లాడవేం?"

"ఏమండీ..."

"ఊఁ?"

"నేనింకా సిరా పోయలేదు."

"ఏమన్నావు?"

"అది ఖాళీ పెన్ను. సిరాబుడ్డి మూత కూడా తియ్యలేదు. మీకు చూపు ఆనట్లేదు కదూ? ఎప్పట్నుంచి?"

"పిస్టన్లు మానేసినప్పట్నుంచి."

"నాతో ఒక్క మాట..."

"అదిగో, ఆటో ఆగింది. మీ అక్కకు చెప్పకు. పాపను తీసుకుని వెళ్ళు."