నీతి లేని కథకు మార్కులెన్ని?

హలో… ఆ, నేనే, బుల్లియ్యనే. దుకాణంలోనే ఉన్నాను… ఎవరూ? సంపూర్ణమ్మ గారా! నమస్కారమండి. ఏటిగట్టున మా కలప అడితికి వచ్చారా?… వినపడుతోందమ్మా. అంత అరవక్కర్లేదు. దుకాణానికీ అడితికీ ఈ టెలిఫోను తీగ వేయించింది అందుకే కదా.

…ఆ, కథలు నా దగ్గరే ఉన్నాయి. లెక్క మొదట్నుంచీ చెబుతాను, వినండి. నిన్న మధ్యాహ్నం నా చేతిలో ఉన్నవి మీ బడి ఆడపిల్లలు రాసిన పదకొండు కథలు, మీ తెలుగు పండితుడు గారు రాసిచ్చిన చీటీ. నీతికి ఇన్ని మార్కులు, శైలికి ఇన్ని, దస్తూరికి ఇన్ని అని. అదీ పెట్టుబడి.

…వేశానండీ, ఎందుకు వేయను? బహుమానం ఇచ్చేవాడిని నేనైనప్పుడు తప్పుతుందా? సూర్యావతి మొదటిది. అదే, పెద్దిరాజు గారి అమ్మాయి. జింక, వేటగాడు, చివర నీతి. ఎక్కడా ముడి లేని దుంగలా ఉంది.

…అదే చెప్పబోతున్నాను. నాలుగు కథల్లో జింకలే! నాలుగూ నీతులు చెప్పాయి. కలప కోసం మన్యంలో ఇన్నేళ్లు తిరిగాను, ఒక్క జింకైనా నన్ను పలకరించలేదు… నవ్వకండమ్మా.

…వీరవేణికా? అందరికంటే అడుగున. నీతి సున్నా. ముగింపు సున్నా. దస్తూరి సంగతి మీకు తెలిసిందే.

— ఉండండి, ఉండండి. వేసిన మార్కులు చెప్పాను. మనసు కుదుటపడిందని చెప్పలేదు.

పొద్దున దుంగ కొలుస్తూ కొలత మరిచిపోయాను. నేను! ఆ పిల్ల రాసిందే బుర్రలో. వరదలో ఒక తాటాకింటి పైకప్పు కొట్టుకొస్తుంది. దాని మీద ముసలమ్మ. రేవులో పిల్ల తాడు విసిరి ఒడ్డుకి లాగుతుంది. దిగు మామ్మా అంటే, ‘నేనెందుకు దిగాలే? మా ఇంట్లో నేనున్నాను. మీ ఊరే మా గుమ్మంలోకొచ్చింది’ అంటుంది. నీళ్లు లాగేస్తున్నాయి. పిల్ల చేతిలో తాడు. అంతే, అక్కడ ఆపేసింది!

తర్వాత ఏమైందండీ?

…మీకూ తెలీదా! మా అమ్మకి చదివి వినిపించడం నా తప్పు. ముసలమ్మ దిగిందంటుంది మా అమ్మ. దిగలేదంటుంది మా ఆవిడ. అత్తాకోడళ్లకి మాటల్లేవు. నాకు చద్దన్నం పెట్టే దిక్కు లేదు.

…ఏంటీ? ఎవరు వెళ్లిపోతున్నారు?

వీరవేణి… వాళ్ల నాన్న బుల్లబ్బాయి పడవలోనా? అక్కడే, మా అడితి ముందే కట్టుందా? ఎక్కడికి?… రామచంద్రపురం, ధాన్యం మోతకి. మళ్లీ బడికి పంపడా?… బహుమానం వస్తే పై తరగతి, లేకపోతే పడవ అన్నాడా. అది రాలేదని ఎవరు చెప్పారు?… మా గుమాస్తానా! వాడి నోరు పడ!

— ఆగండి. కాస్త ఆలోచించనివ్వండి.

…మీకేం తెలుసమ్మా. పెద్దిరాజు గారు మేడ కడుతున్నారు. కలపంతా నా దగ్గరే. నిన్న బండి పంపి మరీ అడిగారు, మా అమ్మాయి ఎలా రాసిందని. బాగా రాసిందన్నాను. అబద్ధం కాదు. చదివి పక్కన పెట్టాను, మరిచిపోయాను. అదీ అబద్ధం కాదు.

…పండితుడు గారు ఒప్పుకోరు, తెలుసు. ఆయన్నే వచ్చి ఆ ముసలమ్మకి నీతి చెప్పి దింపమనండి, చూద్దాం!

…ఏంటా కేకలు?… పడవ కట్టిన మోకు విప్పేశాడా? నెట్టడానికి గెడ కూడా వేశాడా?

సంపూర్ణమ్మ గారూ, కిటికీలోంచి పిలవండి. బహుమానం వీరవేణిదే అనండి… ఆ, మొదటిదే! బుల్లియ్య చెప్పాడనండి… మార్కులు నేను చూసుకుంటాను, ముందు పిలవండి!

…

…హలో?

…హలో… ఎవరైనా…

ఆ, చెప్పండమ్మా! ఆగాడా?… గట్టుకి తిప్పుతున్నాడా. పిల్లేదీ?… దూకేసిందా! లోతెంత?… మొలలోతేనా. సరే. సరే. ఊపిరి పీల్చుకోండి. నేనూ పీల్చుకుంటాను.

పక్కనే ఉందా? ఒక్క మాట అడగండి. ఆ ముసలమ్మ…

…వద్దులెండి. అడగొద్దు. చెప్పేస్తే మా ఇంట్లో ఒకరు ఓడిపోతారు.

…పెద్దిరాజు గారికా? నేనే వెళ్లి చెబుతాను. వేరే అడితి చూసుకుంటానంటారు, ఇంకేముంది.

…నష్టమేనా? మీరు లెక్కల పంతులమ్మ కారు కదా, నన్ను కట్టనివ్వండి. పోయింది ఒక మేడకి సరిపడా టేకు. వచ్చింది, మీ పక్కన పరికిణీ పిండుకుంటున్న ఆ పిల్ల… ఆ, లాభమేనండీ. ఉంటాను.